మందు మానితే

ముందు కనిపించింది ఆ కాగితం అంచు. టీ చుక్క పడి ఆరిపోయినట్టు, మూల నుంచి లోపలికి పాకిన మట్టిరంగు మరక. నాగదుర్గ రేవు మెట్ల మీద నిలబడి, ఫోను ఎత్తి, గోదావరిని ఫొటో తీసుకుంటోంది. ఫోను వెనక గాజులా పల్చటి కవరు. ఆ కవరుకీ ఫోనుకీ మధ్య, ఎంతో భద్రంగా, అగ్గిపెట్టంత చీటీ ఒకటి. దాన్ని చదవాల్సిన పని లేకపోయింది. అది టీ మరక కాదనీ, పొలాలకి నీరు పారే పంట బోదెలోని నీటి మరకనీ, ఆగస్టు నెలలో ఒక సాయంత్రం ఆ కాగితం ఒక మనిషి చొక్కా జేబులో ఉండి అతనితోపాటు ఆ నీళ్ళలో నానిందనీ ఈ రేవులో చేరిన యాభై మందిలో రత్నమాణిక్యానికి ఒక్కదానికే తెలుసు. ఆ మనిషి ఆమె భర్త ఎజ్రా. చీటీ మీద అక్షరాలు ఆమెవి. మందు మానితే మనసు మానుతుంది.

"అందరికీ తెల్ల చీటీలొచ్చాయండి, నాదొక్కటే ఇలా వచ్చింది," అంది నాగదుర్గ, ఆమె చూపు ఎక్కడుందో పసిగట్టి. "పాతకాలం కాయితంలాగ. చూశారా మేడమ్, మీ రాతే. పదిహేడు రోజులైందండి మందు ముట్టి. ఒక్కసారి కూడా పడలేదు."

ఏ మందు అని రత్నమాణిక్యం అడగలేదు. ఇరవై రెండేళ్ళ ఈ పిల్ల బతుకులో మందంటే ఒకటే, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మూర్ఛ రాకుండా వేసుకునే మాత్ర. ఆ సంగతి తనకు తొమ్మిదేళ్ళ నుంచి తెలుసు. ఎనిమిదో తరగతి బి సెక్షను, కిటికీ పక్క రెండో బెంచీ, అక్కడ కూర్చున్న ఈ పిల్లకే నానార్థాలు చెప్పింది తను. నల్లబల్ల మీద సుద్దతో, మందు అంటే ఔషధం, మందు అంటే సారా, మందు అంటే తుపాకిలో కూరేది. మానడం అంటే విడిచిపెట్టడం, మానడం అంటే నయమవడం. ఒక్కొక్క మాటకి రెండేసి ఇళ్ళుంటాయర్రా, ఏ ఇంట్లో ఉందో చూసుకుని మరీ తలుపు తట్టాలి, అనేది. సారా దగ్గర మగపిల్లలు నవ్వారు. ఈ పిల్ల నవ్వలేదు, రాసుకుంది. రాసుకున్నదంతా నమ్మే పిల్ల. చెప్పిన పాఠం నూటికి నూరు మార్కులకూ గుర్తుంచుకుని ఇప్పుడు తప్పు ఇంటి తలుపు తట్టి లోపలికి వెళ్ళి కూర్చుంది. తలుపు తీసి పెట్టింది టీచరమ్మే.

డిసెంబరు మొదటి శనివారం, మధ్యాహ్నం మూడు దాటింది. కొవ్వూరు దిగువన, పడవలు కట్టుకునే ఈ చిన్న రేవులో చర్చి సంఘం వాళ్ళు టార్పాలిన్ పరదాలు పరిచి కూర్చున్నారు. ఇవాళ బాప్తిస్మానికి నలుగురు. తెల్లబట్టల్లో నలుగురూ వరసగా కూర్చున్నారు, ముందు తాతాజీ, తరవాత హరిబాబు, ఆ తరవాత సుప్రియ, చివర నాగదుర్గ. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. ఈ చోట గోదావరి ఎప్పుడూ నిమ్మళంగానే ఉంటుంది, కింద ఏముందో పైకి చెప్పదు. ఇసుక పడవలవాళ్ళు తవ్విన గోతులు అడుగున ఎక్కడున్నాయో వాళ్ళకే తెలియదంటారు. మోకాలి లోతులో నిలబడ్డవాడు ఒక్క అడుగు పక్కకి వేస్తే మనిషి లోతు. అందుకే పొద్దున్నే ఒక వెదురు గెడ పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు, దాని అవతలికి ఎవరూ వెళ్ళకూడదని. గెడ నిటారుగా లేదు. పొద్దుటినుంచీ కొంచెం కొంచెం వాలుతోందా, మొదటినుంచీ అలాగే ఉందా అన్నది రత్నమాణిక్యం తేల్చుకోలేకపోయింది. రైలు వంతెన మీద గూడ్సు వెళ్తోంది. ఆ చప్పుడు నీళ్ళ మీదనుంచి వచ్చి మెట్ల రాళ్ళలో దిగి అరికాళ్ళకి తెలుస్తోంది. ఆ పిల్ల నీళ్ళలోకి దిగకూడదు. ఒకటే మాట, చిన్న వాక్యం, తను రోజూ బడిలో ఇలాంటివి వంద చెబుతుంది. లేచి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళింది.

ఉదయ్‌కుమార్ గారు పంచె ఎగ్గట్టుకుని, చేతి గడియారం తీసి పాస్టరమ్మ గారికి ఇస్తున్నారు.

"పాస్టరు గారండి, నాగదుర్గ మాత్రలు మానేసిందట."

"తెలుసు టీచరు గారండి," అన్నారాయన గొంతు తగ్గించి. "మొన్న చీటీ తెచ్చి చూపించింది. అక్కడ మందంటే తాగుడు తల్లీ, నీ మాత్రలు కాదు, అవి వేసుకుంటూనే ప్రార్థన చేసుకో అన్నాను. ఏమందో తెలుసాండి. నేను తాగనని దేవుడికి తెలీదా అయ్యగారూ, మరి నాకెందుకిచ్చాడు అంది. నా దగ్గర జవాబు లేకపోయింది."

"వాయిదా వేయొచ్చు గదండి."

"నమ్మినందుకు శిక్ష వేసినట్టుంటుందండి. పైగా పదిహేడు రోజులు పడలేదు గదా, ఏమో, నాకూ..." నీళ్ళవైపు చూశారు. "అసలా మాట నేను ఏ బుధవారం చెప్పానో గుర్తు రావడం లేదు. మీకేమైనా గుర్తుందాండి."

"లేదండి," అంది రత్నమాణిక్యం.

అంత తొందరగా వచ్చేసింది ఆ మాట. వెనక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాక గాని అది అబద్ధమని తెలిసిరాలేదు. ఆయన ఆ మాట ఏ బుధవారమూ చెప్పలేదు.

ఆయన చెప్పేవి వేరు. బుధవారం సాయంత్రం క్లాసులో ఆకాశం సంగతులు తక్కువ, ఇంటి సంగతులు ఎక్కువ. కోపం వచ్చిన రోజు ముందు అన్నం తినండి, తరవాత మాట్లాడండి. చేపలు తూచేటప్పుడు ప్రార్థనలో ఉన్నట్టే ఉండండి. అత్తగారి మాట మనసులో పెట్టుకుని ప్రార్థనకి కూర్చుంటే ప్రార్థన చేసేది మీరు కాదు, అత్తగారు. ఎదుగుదల ఎందుకు కనిపించడం లేదని ఎవరో అడిగితే, నాట్లేసిన మర్నాడు పైరుని పట్టుకుని పైకి లాగితే ఎదగదండి, ఊడి చేతికొస్తుంది అన్నారు. రైతులూ నవ్వారు, చేపలవాళ్ళూ నవ్వారు. ఆయన గంటసేపు చెప్పినదాన్ని తను ఒక్కొక్క వాక్యంగా కుదించి, నీలం ఇంకుతో చీటీల మీద రాసేది. బిస్కెట్ల రేకు డబ్బాలో వేసేది. క్లాసు అయ్యాక డబ్బా తిప్పితే ఎవరికి వచ్చిన చీటీ వారికి ఆ వారం మాట. జనవరి ఒకటిన ఏడాదికి ఒక బైబిలు వాక్యం వాగ్దానంగా తీసుకున్నట్టే, వారానికి ఇదొకటి. నాకు ఇది వచ్చింది అంటారు గాని, నేను ఇది తీశాను అని ఎవరూ అనరు. తీసింది చెయ్యే అయినా వచ్చిందనే అంటారు. ఈ క్రియాపదం దగ్గర తను ఎన్నిసార్లు ఆగిందో, తెలుగు టీచరుకి ఆగకుండా ఉండడం చేతకాదు గనక. డబ్బా తిప్పేది ఎజ్రా. సంఘ పెద్ద. కాలువ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరు ఉద్యోగం, సాయంత్రం ఆరుకల్లా ఇస్త్రీ చొక్కాతో చర్చిలో. జేబునిండా యాలకులు. పిల్లలకి తలా ఒకటి పెట్టేవాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆ యాలకుల సంగతి చెబితే అందరూ ఏడ్చారు. తను ఏడవలేదు. ఆ వాసన దేనికి కప్పుగా వేసేవాడో ఆమెకు తెలుసు. పన్నెండేళ్ళు ఆ వాసనకి ముందు వచ్చే ఇంకో వాసన కోసం గుమ్మంలో నిలబడి ఊపిరి పీల్చిన మనిషి తను.

పాట మొదలైంది. కంజీర ఎవరో వాయిస్తున్నారు. తాతాజీ గారు లేచి, ఇద్దరు పట్టుకోగా నీళ్ళలోకి దిగారు. డెబ్బై దాటిన మనిషి, పంచె నీళ్ళ మీద తేలి గొడుగులా విచ్చుకుంది. ఇంకా ముగ్గురు ఉన్నారు, చాలా సమయం ఉంది, అనుకుంది రత్నమాణిక్యం. బడిలో పరీక్ష రాసే పిల్లలు కూడా మొదటి గంటలో ఇలాగే అనుకుంటారు.

నూకరత్నం వచ్చి పక్కన కూర్చుంది, మెట్టు తుడుచుకోకుండానే. నాగదుర్గ తల్లి, రోజూ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని తన వీధిలో చేపలమ్మే మనిషి. నుదుట బొట్టు రూపాయి కాసంత. ఈవిడ సంఘంలో చేరలేదు, చేరనని చెప్పేసింది, అయినా వచ్చింది.

"మీరెందుకండి అలా అయిపోయారు, వేళకి అన్నం తినట్లేదా," అంది. "మా గంగమ్మ తల్లి నీళ్ళే గదండి, ఎవరి పేరు చెప్పుకుని మునిగితే ఏంటి. అదీ నేననుకున్నది. కాని మనసేం బాలేదండి టీచరు గారు. మూడ్రోజుల్నుంచీ పిల్ల అన్నం ముట్టలేదు, ఉపవాసమంట. రాత్రంతా నిద్దర్లేదు, ఆనందమంట. ఆనందమైతే నిద్దర పట్టాలి గదా."

"మాత్రలు ఇంట్లో ఉన్నాయా."

నూకరత్నం అటూ ఇటూ చూసి, రొంటిన ముడి విప్పి, వెండిరంగు అట్ట కొంచెం పైకి తీసి చూపించింది. "చెత్తలో పడేసింది. నేనేరి దాచాను. దాని దేవుడికి చెప్పకండి."

నవ్వింది గాని ఆ నవ్వులో నవ్వు లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఈవిడే గంప రోడ్డు మీద వదిలేసి, చేతులకి పొలుసులతో తరగతి గదిలోకి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే పిల్ల బెంచీల మధ్య పడి కొట్టుకుంటోంది. హెడ్‌మాస్టరు గారు తాళాలు తాళాలు అని అరిచి, ఆఫీసు గది గుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెట్టారు. తను తల పట్టుకుంది. గుత్తి పట్టుకున్నా పట్టుకోకపోయినా ఆగాల్సినప్పుడే ఆగింది. తరవాత రాజమండ్రి డాక్టరు గారు కాగితం మీద రాసిచ్చారు, నూకరత్నం దాన్ని చదివించుకోవడానికి తన దగ్గరికే తెచ్చింది. తాళాల వల్ల ప్రయోజనం లేదు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నిద్ర, తిండి తప్పకూడదు. మాత్ర ఆపితే వెంటనే రాకపోవచ్చు, రాలేదు గదా అని నమ్మకూడదు. నీళ్ళ దగ్గరికీ నిప్పు దగ్గరికీ పంపకూడదు. ఆ కాగితం తను గొంతెత్తి రెండుసార్లు చదివింది, మాట మాటా విడదీసి. చదవడం అయ్యాక నూకరత్నం చెప్పింది, డాక్టరు గారికి తెలియని ముక్క ఒకటి. ముందు బొటనవేలు ఆడుద్దండి. మా ఆయన వలకి ముడేస్తాడు చూడండి, అలాగ, వేళ్ళ మీద రాసుకుంటా. అప్పుడు పట్టేసుకుంటే దెబ్బ తగలదండి. అప్పటినుంచి ఏడాది పొడుగునా తను పాఠం చెబుతూ ఆ రెండో బెంచీ మీది బొటనవేలుని చూస్తూనే ఉంది. ఇప్పుడు చూద్దామంటే నాగదుర్గ చేతులు ఒడిలో, తెల్ల ఓణీ కింద ఉన్నాయి.

హరిబాబు సాక్ష్యం చెబుతున్నాడు. కుర్రాడు, తను చెడ్డ స్నేహాలు మానేసిన సంగతి. మానేసిన అన్న మాట తరవాత రత్నమాణిక్యానికి మిగతాది వినబడలేదు. ఆ మాట వింటే చాలు, జులై నెల, గుమ్మం, తడిసిన గొడుగు. ఆ బుధవారం లాకులు ఎత్తే పని ఉండి ఎజ్రా క్లాసుకి రాలేదు. మీ చీటీ నేను తీశాను అని చెప్పి చేతిలో పెట్టింది. తీయలేదు. ఇంట్లో, వంటగది అరుగు మీద కూర్చుని రాసింది, బియ్యం ఉడికేలోపు. ఎదురుగా అనలేని మాటని దేవుడి డబ్బాలోంచి వచ్చిందని చెప్పి ఇచ్చింది. ఆయన దీపం దగ్గర చదివాడు, రెండుసార్లు చదివాడు. నవ్వాడు. "దేవుడు కూడా తెలుగు మేష్టారైపోయాడే మాణిక్యం, ప్రాస ఎంత బాగా కుదిరిందో," అన్నాడు. అంతే అన్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తెలుసుకున్నాడని తనకి తెలుసు, తనకి తెలుసునని ఆయనకీ తెలుసు, ఇద్దరూ అన్నం తిన్నారు. బెండకాయ వేపుడు. ఒక్క మాట, సూటిగా, ఆయన కళ్ళలోకి చూసి, తాగకండి అని, నాలుగే అక్షరాలున్న మాట, తెలుగులో అంతకన్న తేలిక మాట ఉండదు, అది అనలేక ప్రాస కూర్చింది తను. మాటల్ని జాగ్రత్తగా వాడే మనిషని బడిలో తనకి పేరు. జాగ్రత్తకీ పిరికితనానికీ నానార్థాలు రాయమంటే ఏం రాస్తావే, మాణిక్యం.

ఆ తరవాత నెల రోజులు. ఏ రోజు తాగాడో ఏ రోజు లేదో లెక్క పెట్టడం మానుకుంది. ఆగస్టులో ఆ సాయంత్రం ఆటో నడిపే అమ్మిరాజు ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కాలువగట్టు మీద బండి జారి, పక్క బోదెలో బోర్లా పడి ఉన్నాడట. జానెడు నీళ్ళు. జానెడు నీళ్ళలో మునిగిపోవడానికి మనిషి లేవలేని స్థితిలో ఉండాలి. అమ్మిరాజుకి ఆ వాసన తెలియదా, తెలుసు. ఆమె ముఖం చూసి, "గుండెండి, గుండాగిపోయినట్టుందండి," అన్నాడు, ఆమె తల ఊపింది. అంతే, ఒక్క తల ఊపు. దాని మీద పాస్టరు గారు ప్రసంగం కట్టారు, సంఘం గోడ మీద ఫొటో కట్టింది. ప్రభువు పిలుపు అందుకున్నారు అని రాతిమీద చెక్కించారు. ఆయన తీసుకోబడ్డారు, పిలవబడ్డారు, చేర్చుకోబడ్డారు. కర్మణి ప్రయోగం ఎంత మర్యాదైనదో, చేసినవాడి పేరు ఎక్కడా రానివ్వదు. తొమ్మిదో తరగతికి తను చెబుతుంది, తెలుగులో దీన్ని ఎక్కువ వాడకండర్రా, మన భాషకి నప్పదు, ఎవరు చేశారో చెప్పెయ్యండి అని.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన బట్టల మూట మూడు నెలలు విప్పలేదు. నవంబరులో విప్పింది, పురుగు పడుతుందేమోనన్న భయంతో. చొక్కా జేబులో చీటీ. ఆ చొక్కా ఆ రోజు పొద్దున తను ఇస్త్రీ చేసి ఇచ్చింది. అంటే చీటీని ఒక చొక్కాలోంచి తీసి ఇంకో చొక్కాలో పెట్టుకున్నాడు, నెల రోజులు, రోజూ. పెట్టుకుని తాగాడు. తాగి కూడా పెట్టుకున్నాడు. ఇందులో ఏది ఎక్కువ బాధో రత్నమాణిక్యం ఇప్పటికీ తేల్చుకోలేదు. దాన్ని హాజరు పట్టీ మధ్య పెట్టి ముడతలు పోగొట్టింది. దాచుకోలేకపోయింది, పారేయలేకపోయింది. ఇంకో ఇంట్లో ఇంకో మగవాడు ఉంటాడు గదా, అతనికి పనికొస్తుంది గదా అనుకుని ఆ బుధవారం మిగతా వాటితో కలిపి డబ్బాలో వేసింది. ఒక మంచిపని చేసినట్టే ఇంటికి వెళ్ళి నిద్రపోయింది, ఎన్నో వారాల తరవాత ఒళ్ళు తెలియని నిద్ర. ఆ రాత్రే నాగదుర్గ మాత్రలు చెత్తలో వేసింది. పోయినవాడి జేబులోంచి లేచి ఆ చీటీ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరింది, తాగుబోతు ఇల్లు దొరక్క ఈ పిల్ల ఇంట్లో దూరింది.

"హల్లెలూయ," అన్నారందరూ. సుప్రియ నీళ్ళలోంచి లేచి, ముఖం తుడుచుకుంటూ, నవ్వుతూ, తడి జడ పట్టుకుని మెట్లెక్కుతోంది. హరిబాబు ఎప్పుడు మునిగాడో చూడనేలేదు. పొద్దు వంతెన కమానుల కిందికి దిగింది. నీళ్ళ మీద వెలుతురు ముక్కలు ముక్కలుగా కొట్టుకుంటోంది, చూస్తుంటే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి, మామూలు మనుషులకే. వెదురు గెడ ఇంకొంచెం వాలింది. ఈసారి అనుమానం లేదు. నాగదుర్గ లేచింది.

వాక్యం సిద్ధం చేసుకోవాలి. ఆ చీటీ పొరపాటున డబ్బాలో వేయబడింది. కాదు. ఆ చీటీలో అర్థభేదానికి అవకాశం ఉంది. కాదు. రాతలో తప్పు దొర్లింది, దొర్లడానికి అదేమన్నా గుండ్రాయా. ఎవరి పేరూ చెప్పకుండా చెబితే ఆ పిల్ల అదే అడుగుతుంది, మరి నాకెందుకొచ్చింది అని, పాస్టరు గారికి లేని జవాబు తన దగ్గర ఉంది, ఒక్క తన దగ్గరే ఉంది. దానికి కర్త ఉన్నాడు, గోడ మీద పూలదండలో ఉన్నాడు. అతన్ని దించి ఇంతమంది ముందు పెట్టాలి. పిల్లలకి యాలకులు పెట్టిన చేతులు. పాస్టరు గారి ముఖం ఎలా అవుతుందో. సోమవారం నుంచి టీచర్ల గదిలో ఎవరూ ఏమీ అనరు, అనకపోవడమే వినబడుతుంది. ఎజ్రా, నన్నేం చెయ్యమంటావు. నువ్వు నవ్వుతావు. ప్రాస కుదిరిందే అంటావు.

నాగదుర్గ మొదటి మెట్టు దిగి, అలవాటు ప్రకారం వంగి నీళ్ళని తాకి కళ్ళకద్దుకుంది, ఇక్కడ పుట్టినవాళ్ళెవరైనా చేసేదే. ఎవరో నవ్వారు. తల్లి నవ్వలేదు. మోకాళ్ళ లోతుకి వెళ్ళి వెనక్కి తిరిగి సాక్ష్యం మొదలుపెట్టింది. "చిన్నప్పట్నించీ నాకు ఈ జబ్బుందండి. మనసు బాలేని పిల్లని వీధిలో అనేవారు. మందు వేసుకుంటే నిద్ర, వేసుకోకపోతే భయం. నాకొక మాట వచ్చిందండి. ఇంకెప్పుడూ ముట్టనని ఇవాళ ఈ నీళ్ళలో మాటిస్తున్నాను. నాలాగ మందు వేసుకునే వాళ్ళెవరైనా ఉంటే..."

వెనక వరసలో, షుగరు మాత్రల సంచి ఎప్పుడూ చేతిలో ఉండే అచ్చాయమ్మ గారు ముందుకి వంగి వింటోంది. ఆ వంగడం చూసింది రత్నమాణిక్యం. ఒక్క పిల్ల కాదు. ఇది ఇక్కడ ఆగదు.

ఎప్పుడు లేచిందో తెలియదు. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి చుట్టుకున్నాక తెలిసింది, నీళ్ళు చల్లగా ఉన్నాయి. పాస్టరు గారు ఒక చెయ్యి నాగదుర్గ వీపు మీద ఉంచి, రెండో చెయ్యి పైకెత్తి ఉన్నారు.

"ఆగండి," అంది. బడిగొంతు కాదు, మామూలు గొంతు. కంజీర ఆగింది. "ఆ చీటీ పాస్టరు గారు చెప్పింది కాదు. డబ్బా కోసం రాసిందీ కాదు. మా ఆయనకి నేను రాసింది. ఎజ్రా గారు తాగేవారు. పన్నెండేళ్ళు తాగారు. ఆ సాయంత్రం కూడా తాగి ఉన్నారు, గుండె కాదు. ఆ కాయితం ఆయన జేబులో దొరికింది. ఆ మరక బోదె నీళ్ళది."

పాస్టరు గారి చెయ్యి నెమ్మదిగా దిగింది. గట్టు మీద ఎవరో దగ్గి ఆపుకున్నారు.

"అక్కడ మందంటే సారా, నాగదుర్గా. మాత్ర కాదు. నీకు చెప్పాను గదా తరగతిలో."

"చెప్పారండి," అంది నాగదుర్గ. ఆ కళ్ళలో కోపం లేదు. అర్థం కాని లెక్క చూస్తున్న పిల్ల కళ్ళు. "కాని నాకొచ్చింది గదండి."

"రాలేదమ్మా. నేను వేశాను."

నేను. వేశాను. ఎంత పొట్టి వాక్యం. నాలుగు నెలలుగా నోట్లో మట్టిలా ఉన్నదేదో కదిలి జారినట్టయింది. ఎజ్రా పోయినందుకు మొదటిసారి ఏడుపు వచ్చేలా ఉంది. ఇప్పుడు కాదు. పాస్టరు గారు ఏదో అంటున్నారు, "తల్లీ, గట్టుకి పద, ముందు మాత్ర వేసుకో, నీళ్ళెక్కడికీ పోవు," అని. నూకరత్నం అప్పటికే రొంటి ముడి విప్పుతూ మెట్లు దిగుతోంది, తొందరలో ముడి రావడం లేదు, పళ్ళతో లాగుతోంది. గట్టు నాలుగడుగులు. వెదురు గెడ వెనక ఉంది. రత్నమాణిక్యం చెయ్యి చాపింది, నాగదుర్గ ఆ చెయ్యి పట్టుకుంది, చిన్నపిల్లలా, మొత్తం అరచేత్తో. చల్లటి చెయ్యి. ఒక అడుగు వేశారు. రెండో అడుగు వేశారు.

నాగదుర్గ ఆగింది. ముఖం పక్కకి తిప్పి, ఎవరూ లేని వైపు, మెరిసే నీళ్ళవైపు చూస్తోంది.

"పదమ్మా," అంది రత్నమాణిక్యం.

ఆమె అరచేతిలో, మెత్తగా, తొందరేమీ లేనట్టు, ఆ బొటనవేలు వలకి ముడి వేయడం మొదలుపెట్టింది. రత్నమాణిక్యం రెండో చెయ్యి పిల్ల తల వెనక వేసి, కాళ్ళు ఇసుకలో గట్టిగా దింపి, పట్టుకుంది.